నరకానికి పొమ్మన్నది సైతానుని, మమ్మల్ని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో రాక్ మ్యూజిక్ మీద వచ్చిన వ్యాసం చదివాను, అలాంటివి ఎవరూ వెయ్యట్లేదు, మీరు వేశారు, సంతోషం. కానీ అందులో స్ట్రైపర్ అనే అమెరికన్ క్రైస్తవ రాక్ బ్యాండ్ 1986లో తెచ్చిన 'టు హెల్ విత్ ద డెవిల్' ఆల్బమ్ పేరుని తెలుగులో 'సైతానుతో కలిసి నరకానికి' అని రాసేశారు. చూడగానే నవ్వొచ్చింది, తర్వాత కొంచెం బాధేసింది, ఎందుకంటే అర్థం మొత్తం తలకిందులైపోయింది సార్. 'విత్' కనపడగానే 'తో' పెట్టేసినట్టున్నారు. అది తిట్టు. వాడిని నరకానికి పొమ్మని తిట్టడం, వాడితో కలిసి టూర్ వెళ్లడం కాదు.

ఒక్క పేరు తప్పైతే ఉత్తరం రాసేవాడిని కాదు, కింద ఇంకో మాట ఉంది, ఇలాంటి ఆల్బమ్స్‌ని ఇష్టపడేవాళ్లు మతం కోసం ఇష్టపడతారు గానీ పాట కోసం కాదు, అరుపులకీ భక్తికీ పొంతన లేదు అని. అసలు గొడవ నాకు దీంతోనే.

నేను చర్చి వైపు నుంచి ఈ ఆల్బమ్ దగ్గరికి రాలేదండి. గిటార్ నేర్చుకుంటున్న రోజులు, ఎవరు ఏ క్యాసెట్ ఇస్తే అది అరిగిపోయేదాకా వినడమే పని. చర్చి క్వయర్‌లో (పాటల బృందంలో) పాడే ఫ్రెండ్ ఒకడు ఇది తెచ్చిచ్చాడు. అట్ట అంతా నలుపు, బొమ్మ లేదు, పేరు చూస్తే హెల్ అనీ డెవిల్ అనీ, వీడేంటి ఇలాంటివి వింటున్నాడు అనుకున్నా. తర్వాత తెలిసింది, మొదట వేసిన అట్ట మీద నలుగురు దేవదూతలు సైతానుని మంటల్లోకి తోసేస్తున్న బొమ్మ ఉండేదట, దానిమీద గొడవై తీసేసి నల్ల అట్ట వేశారు. సైతానుని తోసేస్తుంటే కూడా అభ్యంతరమేనా అని ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా అమ్మ బైబిల్ చదవనిదే పడుకోదు. నేను ప్లే నొక్కాను, ముందు 'అబిస్' అని మాటల్లేని చిన్న ముక్క వస్తుంది, చీకట్లో ఎవరో తలుపు తీస్తున్నట్టు ఉంటుంది, అది అయిపోగానే టైటిల్ పాట గిటార్లు ఒక్కసారిగా మీద పడతాయి. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆపేసింది. నేను మాటలు ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాను. కాసేపు నావైపు చూసి, 'అంటే వాడిని పొమ్మంటున్నారా, మరి అంత కేకలెందుకు' అంది. 'మెల్లగా చెప్తే పోతాడా' అన్నాను. ఇంకేం అనలేదు, సౌండ్ మాత్రం తగ్గించమంది.

ఇప్పుడు సంగతికొస్తా. బ్యాండ్‌లో పాడే మైకేల్ స్వీట్ గొంతు అంత పైకి వెళ్లి కూడా పగలదు, అరిచినా శ్రుతిలోనే అరుస్తాడు. కోరస్ వచ్చేసరికి గొంతుల మీద గొంతులు పేర్చి క్వయర్‌లా నింపేస్తారు, మా ఫ్రెండ్ పడిపోయింది అక్కడే. నేను పడిపోయింది గిటార్ల దగ్గర. మైకేల్ స్వీట్, ఆజ్ ఫాక్స్ ఇద్దరూ ఒకే ట్యూన్‌ని ఒకరు కింద స్వరంలో ఒకరు పై స్వరంలో కలిపి వాయిస్తారు, ఒక్కడివే కూర్చుని నేర్చుకుంటే సగమే వస్తుంది, రెండోవాడు కావాలి. నేను ఆ సగం నెలలు నెలలు వాయించాను, వేళ్లు కాయలు కాశాయి, చివరికి మా క్వయర్ వాడికే గిటార్ పట్టుకోవడం నేర్పించి రెండో సగం వాయించమన్నా, ఒకరోజు రెండూ కలిశాయి చూడండి, అప్పుడు మాకిద్దరికీ ఒళ్లు జలదరించింది. వాడు దాన్ని దేవుడి ఖాతాలో రాసుకున్నాడు, నేను ప్రాక్టీస్ ఖాతాలో రాసుకున్నాను. పాట మాత్రం ఒకటే కదా. (అన్నట్టు ఈ ఆల్బమ్‌లో బేస్ గిటార్ వాయించింది ఎప్పటి మెంబర్ టిమ్ గెయిన్స్ కాదు, బ్రాడ్ కాబ్ అనే ఆయన, అప్పుడు టిమ్ కొన్నాళ్లు పక్కకి వెళ్లాడు. ఇలాంటివి గుర్తుపెట్టుకుని వాదించుకునేవాళ్లం మేము, మతం కోసమే వింటే బేస్ ఎవరు వాయిస్తే ఏంటి మాకు?)

వ్యాసంలో వాళ్ల పసుపు నలుపు చారల బట్టల్ని సర్కస్ వేషం అన్నారు, అదీ సగమే. యెషయా 53:5లో 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అని ఉంది కదా, ఇంగ్లీష్ బైబిల్‌లో ఆ దెబ్బలకి వాడిన మాట స్ట్రైప్స్, అంటే కొరడా చారలు, అదే మాట నుంచి బ్యాండ్ పేరు, బట్టల మీద చారలు. చూడ్డానికి కందిరీగల్లా ఉంటారు, ఒప్పుకుంటాను, మెటల్, అంటే బాగా గట్టిగా వాయించే రాక్, వినేవాళ్లు వీళ్లని ఆటపట్టించేవాళ్లు. డ్రమ్స్ వాయించే రాబర్ట్ స్వీట్ అయితే సెట్‌ని పక్కకి తిప్పి పెట్టుకుంటాడు, చేతులూ కాళ్లూ అందరికీ కనపడాలని. షోల్లో జనం మీదకి కొత్త నిబంధన పుస్తకాలు విసిరేవాళ్లు. ఇది చూసి మెటల్ వాళ్లు ప్రవచనం చెప్పడానికి వచ్చారన్నారు, జిమ్మీ స్వాగర్ట్ లాంటి టీవీ బోధకులు రాక్‌లో క్రైస్తవం ఏంటని దుమ్మెత్తిపోశారు. అటూ తిట్లే ఇటూ తిట్లే. కీర్తన 150లో 'గంభీరధ్వనిగల తాళములతో ఆయనను స్తుతించుడి' అని ఉందని మా అమ్మే నాకు చూపించింది, అదీ సౌండ్ తగ్గించమన్న మనిషి.

మరి ఇన్ని తిట్ల మధ్య ఎవరు కొన్నారండి? అమెరికాలో ప్లాటినం అయింది, అంటే 10 లక్షల కాపీలు, క్రైస్తవ మెటల్‌లో అంతవరకు ఎవరికీ రాని లెక్క. 'హానెస్ట్‌లీ' అనే నెమ్మది పాట, పియానోతో మొదలవుతుంది, అమెరికాలో పాటల ర్యాంకుల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లింది. ఎంటీవీలో జనం ఫోన్ చేసి అడిగితే వేసే ప్రోగ్రాం ఒకటి ఉండేది, అందులో 'ఫ్రీ' వీడియో పైకి ఎక్కి కూర్చుంది. ఫోన్ చేసినవాళ్లంతా చర్చి నుంచే చేశారంటే నేను నమ్మను.

అలాగని వ్యాసంలో ఉన్నదంతా తప్పు అనట్లేదు. మా అభిమానుల్లో కూడా తిక్క ఉంది, క్రైస్తవ బ్యాండ్ అయితే చాలు ఏ ఆల్బమ్ వచ్చినా అద్భుతం అనేవాళ్లు ఉన్నారు, డ్రమ్స్ రేకు డబ్బాలా మోగినా ఆశీర్వాదం అంటారు, వాళ్లతో నాకు ఎప్పుడూ పడదు. ఇంకోటి, 1990లో స్ట్రైపర్ 'అగెన్‌స్ట్ ద లా' అని ఆల్బమ్ తెచ్చి పసుపు చారలు తీసేసింది, పాటల్లో దేవుడి మాట బాగా తగ్గించింది, వాయించడం మాత్రం గట్టిగా వాయించారు, నా లెక్కలో గిటార్ దానిలోనే ఇంకా బాగుంటుంది, అయినా పాతవాళ్లు చాలామంది మొహం తిప్పుకున్నారు. అంటే మాట కూడా ముఖ్యమే అన్నమాట, మీ వ్యాసకర్తకి అక్కడ సగం మార్కులు ఇచ్చేస్తా. మా క్వయర్ వాడు కూడా ఆ ఆల్బమ్ రెండుసార్లు విని నాకే ఇచ్చేశాడు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కానీ పాట బాగోకపోతే మాట ఒక్కటే నిలబెట్టదు సార్. పి.ఓ.డి., స్కిల్లెట్ అని ఇంకో రెండు క్రైస్తవ రాక్ బ్యాండ్లున్నాయి, పి.ఓ.డి. 'శాటిలైట్' 2001లో, స్కిల్లెట్ 'అవేక్' 2009లో వచ్చాయి, రెండోది వస్తూనే ఆల్బమ్స్ లిస్టు బిల్‌బోర్డ్ 200లో 2వ స్థానంలో దిగింది. వాటిని విన్న పిల్లల్లో వాళ్లు క్రైస్తవులని తెలియకుండా వర్కౌట్ చేస్తూ వినేవాళ్లు ఎంతమందో, మా అక్క కొడుకే ఒకడు. చెప్తే 'అవునా మావయ్యా' అని మళ్లీ చెవుల్లో పెట్టేసుకున్నాడు.

మీ వ్యాసకర్త గారికి నా తరఫున ఒక మాట చెప్పండి, మంచి స్పీకర్లో ఆ టైటిల్ పాట ఒక్కటి వినమనండి, నచ్చకపోతే నచ్చలేదనే రాయమనండి, కానీ విని రాయమనండి. ఇక ఆ పేరుకి మీరు సవరణ వేసేటట్టయితే డిక్షనరీ అక్కర్లేదు, ఇంట్లో మా అమ్మని అడిగా, కూరగాయలు తరుగుతూనే చెప్పింది, 'సైతానుగాడిని నరకానికి పొమ్మను' అని. అదే వేసెయ్యండి.

ఇట్లు
మీ పాఠకుడు