జీతాల రోజు, గేటు దగ్గర

పెరంబూర్, మద్రాసు

చిన్నా,

ఆదివారం రాత్రి సెంట్రల్లో బెంగళూరు మెయిలు కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి చెప్పావు, "నాన్నా, క్రికెట్ యాప్‌లో 80 వేలు పోయాయి, అమ్మకు చెప్పొద్దు" అని. రైలు వెళ్ళిపోయింది. నీకివ్వాల్సిన మంచినీళ్ళ సీసా నా చేతిలోనే ఉండిపోయింది. లోకల్లో సీట్లు ఖాళీగా ఉన్నా పెరంబూర్ దాకా నిలబడే వచ్చాను.

వాట్సాప్‌లో రాస్తే ఆఫీసులో ఒక కంటితో చూసి "సరే నాన్నా" అంటావు. అందుకే కాగితం తీశాను. తిట్టడానికి కాదు. ఈ విషయంలో నిన్ను తిట్టే అర్హత నాకు లేదు, అది చెప్పడానికే.

నీకు ఇంతవరకు తెలియనివ్వలేదు గానీ, నువ్వు పుట్టకముందు నుంచే నాకు లాటరీ పిచ్చి ఉండేది. అప్పట్లో మద్రాసులో అది దొంగచాటు వ్యవహారం కాదు. తమిళనాడు ప్రభుత్వమే 1968లో సొంత లాటరీ పెట్టింది. సిక్కిం, భూటాన్ టికెట్లు కూడా వచ్చేవి. స్టేషన్ బయట ఒక బంకులో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో టికెట్లు వేలాడదీసేవాడు. గాలికి టపటపలాడేవి. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో రోజంతా బోగీలకు సీట్లు బిగించి వస్తుంటే, రైలు కూత కంటే ముందు ఆ టపటపలే నా చెవిన పడేవి.

ఒక్క టికెట్‌తో మొదలైంది. టీ తాగినంత ఖర్చే కదా అనుకున్నాను. తర్వాత ఏమైందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక నెల, జీతంలో పదో వంతు దేవునికిచ్చే దశమభాగం కవరులో 600 పెట్టాల్సింది 400 పెట్టి, శుభ్రంగా అంటించి, ముందు వరసలో కూర్చుని కానుక సంచిలో వేశాను. పైగా ప్రార్థన ఒకటి! తగిలితే సగం మందిరానికి ఇస్తాను ప్రభువా అని. దేవుణ్ణి వాటాదారుగా చేర్చుకుంటే అది పాపం కింద రాదనుకున్నాను కాబోలు.

బైబిల్లో యాకోబు పత్రికలో దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని ఉంది కదా. సండే స్కూల్లో నీ చేత కంఠతా పట్టించిన వాక్యమే. గర్భం అన్నాక నెలలు పడతాయిరా. మొదటి నెలల్లో చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. మనిషి మందిరానికి వస్తూనే ఉంటాడు, పాటలు పాడుతూనే ఉంటాడు. నీ 80 వేలు కూడా ఒక్క రాత్రిలో పోయి ఉండవు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు భోజనం దగ్గర కూడా ఫోన్ బోర్లా పెట్టుకున్నావు. నేను చూశాను, అడగలేదు. ఆ తప్పు నాది.

నా సంగతి మీ అమ్మ ఎలా కనిపెట్టిందంటే, క్యారియర్ సంచి ఉతకబోతే అడుగున 17 టికెట్లు దొరికాయి. ఒక్కొక్కటీ సాపు చేసి టేబుల్ మీద పరిచింది. ఏడవలేదు, అరవలేదు. ఆ తర్వాతి జీతాల రోజు షిఫ్టు దిగి బయటకు వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది, చంకలో నువ్వు. నీకు ఏడాది నిండింది అప్పుడే. నాతో పనిచేసేవాళ్ళు "పోలీసు వచ్చిందయ్యా" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నా జీతం కవరు తీసుకుని, స్టేషన్ వైపు కాకుండా అయనావరం మీదుగా నడిపించింది. ఇరవై నిమిషాలు ఎక్కువ నడక. దారి పొడుగునా నువ్వు నా జేబు లాగుతూనే ఉన్నావు.

ఈ చుట్టుదారి నాకు పిరికితనంగా అనిపించింది. మగాణ్ణి, విశ్వాసిని, బంకు ముందు నుంచే నడిచి కొనకుండా రాలేనా అని ఒకరోజు పంతానికి పోయాను. మూడు టికెట్లు కొని వచ్చాను. యోసేపు సంగతి ఆ రోజే బుర్రకెక్కింది. యజమాని పోతీఫరు భార్య తప్పుకు లాగుతూ పట్టుకుంటే అక్కడ నిలబడి తన బలం చూపించుకోలేదు, వస్త్రం వదిలేసి పరుగెత్తాడు. యుద్ధానికి వెళ్ళాల్సిన వేళ మిద్దె మీద తీరిగ్గా తిరిగి పాపంలో పడినవాడు దావీదు. ప్రభువు నేర్పిన ప్రార్థన కూడా చూడు, "శోధనలోకి తేక" అంటాం. శోధనలో గెలిపించు అని కాదు, అసలు ఆ దారి పట్టించకు అని.

2003లో తమిళనాడులో లాటరీలు నిషేధించారు. బంకు మూసేశారు. నేను మారానని సంతోషపడ్డాను గానీ, ఆ మూల దాటేటప్పుడు కాళ్ళు మాత్రం చాలాకాలం నెమ్మదించేవి. క్లిప్పులు లేని ఆ తాడు ఇంకా వేలాడుతూ ఉండేది. దుకాణం మూసుకుంది, నాలో బేరం మూసుకోలేదు. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది కదా, అయినా నీకెవరో లింకు పంపారు, నువ్వు నొక్కావు.

శోధన వచ్చిందని కుంగిపోకు. 40 రోజులు ఉపవాసం ఉన్న ప్రభువు దగ్గరకే వచ్చింది. మూడుసార్లూ ఆయన ద్వితీయోపదేశకాండంలోని మాటతోనే జవాబిచ్చాడు. లూకా సువార్తలో అపవాది, అంటే సాతాను, ఆయనను కొంతకాలం విడిచిపోయాడని ఉంటుంది. ఆ 'కొంతకాలం' అన్న మాట కింద నేను పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. నెల రోజులు ఆడలేదు కాబట్టి గండం గడిచిందనుకోకు.

ఇంకోటి. "ఒక్క మ్యాచ్ తగిలితే పోయినవన్నీ వచ్చేస్తాయి, అప్పు తీర్చేసి మానేస్తాను" అని లోపల ఒక గొంతు పద్ధతిగా మాట్లాడుతుంది. దాని మాట వినకు. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో, లోన్ యాప్‌లతో సహా, ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు. ఒక్క రూపాయి దాచకు. నా ఎఫ్‌డీ ఒకటి వచ్చే నెల చేతికొస్తుంది, కొంత నేను నేరుగా వాళ్ళకే కడతాను. మిగతాది నీ జీతంలోంచే పోవాలి. మీ పీజీలో నీతో పాటు మందిరానికి వచ్చే కుర్రాడు ఉన్నాడన్నావు, అతనికీ చెప్పు. చెప్పేటప్పుడు నోరు ఎండిపోతుంది, ఫరవాలేదు.

అమ్మకు చెప్పొద్దన్నావు. ఇంటికి రాగానే చెప్పేశాను. ఇంకో రహస్యం ఈ ఇంట్లో నేను మోయలేను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాడికి జీతం ఎప్పుడు పడుతుంది?" అని అడిగింది. 30న అన్నాను. పొద్దున పక్కింటి అమ్మాయి చేత బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ చేయించుకుంది. కృష్ణరాజపురంలో దిగి ఆటోలో మీ ఆఫీసుకు వస్తుందట. ఏ గేటు అని అడుగుతోంది, మీకు రెండున్నాయిగా.

ఆపమని నాకు ఫోన్ చెయ్యకు, నేను ఆపను. గోంగూర పచ్చడి కూడా తెస్తోంది.

నాన్న