ఇండియాకి బయలుదేరే ముందు మెయిన్ వాల్వ్ కట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

చలి దేశాల్లో ఉంటున్న మన పిల్లల గురించి ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. మంచు పడే చోట నీళ్ల పైపులకు గోనెగుడ్డో స్పాంజి గొట్టమో చుట్టుకోవాలని అందులో రాశారు. రాసినంత మటుకు నిజమే. కానీ అసలు చేయాల్సిన పని, అంటే ఇంటికి తాళం వేసే ముందు పైపుల్లో నీళ్లు దించేయడం, అందులో లేదు. అది చదివి పైపులకు గుడ్డ చుట్టేసి నిశ్చింతగా విమానం ఎక్కేవాళ్లు ఉంటారేమోనని భయం వేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. సైన్యం క్వార్టర్లు, బ్యారక్‌లు చూసుకునే ఎం.ఇ.ఎస్.లో పైపు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం శ్రీనగర్, లేహ్ వైపే గడిచింది. ఒడిశా సరిహద్దులో ఈ సంగతి ఎవరికి కావాలని మీరు అడగవచ్చు. నిజమే, మా ఊళ్లో పుష్యమాసంలో కూడా పైపులు గడ్డకట్టవు. ఆర్. ఉదయగిరి, మోహన కొండల మీద తెల్లవారుజామున కుళాయి కింద చెయ్యి పెట్టలేం గానీ నీళ్లు రావడం ఆగదు. కానీ ఇటు గజపతి, గంజాం జిల్లాల నుంచి, అటు పాతపట్నం, టెక్కలి, సోంపేట నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఎంతమంది లేరు! అమెరికాలో, కెనడాలో ఇళ్లు కొనుక్కున్న పిల్లలు ఎంతమంది లేరు! వాళ్ల అమ్మానాన్నలు పొద్దున్నే చదివేది మీ పత్రిక. ఫోన్‌లో అమ్మ చెప్తే పిల్లలు వింటారు.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి. ఇది అందరికీ తెలిసిందే. అందుకని మంచుగడ్డ ఉన్న చోటే పైపు పగులుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అలా జరగదు. పైపులో ఒకచోట గడ్డ కట్టి దారి మూసేస్తుంది. ఆ గడ్డకీ, కట్టేసి ఉన్న కుళాయికీ మధ్య కొన్ని నీళ్లు చిక్కుకుపోతాయి. గడ్డ పెరిగేకొద్దీ ఆ నీళ్లను నొక్కుతుంది. నీళ్లు నొక్కితే తగ్గేవి కావు, వెళ్లడానికి చోటూ లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి ఎక్కడ బలం తక్కువో అక్కడ, పైపు మలుపు తిరిగే ఎల్బో దగ్గరో జాయింట్ దగ్గరో జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) పైపు అతుకు వెంబడో చీలిపోతుంది. చీలిన చోట ఒక్కోసారి మంచే ఉండదు. చలి రాత్రుల్లో కుళాయి సన్నటి ధారగా వదిలి పెట్టమనేది ఇందుకే. ఆ ధార ఉంటే గడ్డ కట్టినా ఒత్తిడి బయటికి పోతుంది. నీళ్లు వృథా అని కట్టేయకండి, ఆ ఒక్క రాత్రికి బకెట్ పెట్టుకుని పట్టుకోండి.

ఇక చుట్టడం సంగతి. దుప్పటి మనిషికి వేడి పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. పైపుకి సొంత వేడి లేదు. లోపల నీళ్లు కదలకుండా నిలబడి ఉంటే ఎంత మందంగా చుట్టినా గడ్డకట్టడం ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. మనుషులు ఉండి నీళ్లు వాడుతున్న ఇంటికి చుట్టడం మేలే చేస్తుంది. తాళం వేసిన ఇంటిని అది కాపాడలేదు.

కశ్మీర్‌లో డిసెంబర్ 21న మొదలయ్యే నలభై రోజుల గట్టి చలిని చిల్లాయి కలాన్ అంటారు. దానికి ముందే మేము ఖాళీ క్వార్టర్లన్నీ తిరిగి పైపు లైన్లలో నీళ్లు దించేవాళ్లం. ఇంటికి నీళ్లు వచ్చే దారిని మూసే మెయిన్ గేట్ వాల్వ్ కట్టి, అన్నిటికన్నా పైనున్న కుళాయి విప్పాలి. తర్వాత అన్నిటికన్నా కిందనున్న డ్రెయిన్ కాక్, అంటే పైపులో నీళ్లు బయటికి వదిలే చిన్న కుళాయి, విప్పాలి. పైనుంచి గాలి దూరితేనే కిందనుంచి నీళ్లు దిగుతాయి. పై కుళాయి విప్పకుండా కింది కాక్ ఒక్కటే విప్పితే లైన్‌లో సగం నీళ్లు అలాగే నిలబడిపోతాయి. అసలు పైపు వేసేటప్పుడే డ్రెయిన్ వైపు కాస్త వాలు ఇవ్వాలి. మధ్యలో బొజ్జలా వంగిన చోట నీళ్లు మిగిలితే పగిలేది అక్కడే. లేహ్‌లో లైన్లు నడుము లోతు దాటి తవ్వి వేస్తేనే నిలిచేవి. చాలా చోట్ల శీతకాలం కుళాయిలు ఆపేసి ట్యాంకర్లతోనే నీళ్లు ఇచ్చేవారు. సెలవు మీద ఊరికి వచ్చే జవాన్లు క్వార్టర్‌కు తాళం వేసే ముందు నీళ్లు దించమని ఫిట్టర్‌కు చెప్పి రావాలి. ఇప్పటికీ అంతే.

అమెరికా సంగతి నాకు మా మేనకోడలి వల్ల తెలిసింది. తను డల్లాస్ దగ్గర ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో పెద్ద చలి వచ్చి కరెంటు పోయినప్పుడు లక్షల ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. "మావయ్యా, నీళ్లు రావట్లేదు, ఏం చెయ్యను?" అని వీడియో కాల్ చేసింది. వేడి దేశం కదా అని అక్కడ చాలా ఇళ్లలో పైపులు అటక మీంచి తీసుకెళ్తారు. అక్కడ హీటర్ గాలి తగలదు. ముందు మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూపించమన్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి రోడ్డు వార మీటర్ పెట్టెలో, మట్టి కింద దొరికింది. దాన్ని తిప్పడానికి ఒక తాళంచెవి లాంటి పానా కావాలి. అది పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చారు. ఇల్లు కొన్న ప్రతి ఒక్కరూ ఎండాకాలంలోనే ఆ వాల్వ్ వెతికి, ఒకసారి తిప్పి చూసి, పానా కొని పెట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ అయితే ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

గడ్డకట్టిన రోజు చాలామందికి నష్టం తెలియదు. మంచు కరిగి నీళ్లు మళ్లీ పారడం మొదలయ్యాక చీలికలోంచి పడతాయి. ఇంట్లో మనిషి ఉంటే పరుగెత్తి వాల్వ్ కడతాడు. మన పిల్లలు డిసెంబర్ సెలవులకే ఇండియాకి వస్తారు. ఖర్చు కలిసొస్తుందని హీటర్ పూర్తిగా ఆపేసి వస్తారు. మా పక్క వీధి వాళ్ల అబ్బాయి సంక్రాంతి చేసుకుని తిరిగి వెళ్లేసరికి సీలింగ్ ఊడి కార్పెట్ మీద పడి ఉంది. నీళ్లు ఎన్ని రోజులు పోయాయో చెప్పేవాళ్లే లేరు.

కాబట్టి బయలుదేరే ముందు మెయిన్ వాల్వ్ కట్టి, పై అంతస్తులో ఒక కుళాయి, కింద ఒక కుళాయి విప్పి నీళ్లు దించాలి. ఫ్లష్ కూడా నొక్కేయాలి. వాటర్ హీటర్ ట్యాంకు కూడా ఖాళీ చేసేటట్లయితే కరెంటుదైనా గ్యాస్‌దైనా ముందు దాన్ని ఆపాలి, లేకపోతే కరెంటు హీటర్‌లో నీళ్లు కాచే ఎలిమెంట్ కాలిపోతుంది. ఇంటి హీటర్ మాత్రం ఆపవద్దు, 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 13 డిగ్రీలకి తగ్గకుండా ఉంచాలి. నిప్పు ఆర్పే స్ప్రింక్లర్లు ఉన్న ఇళ్లలో, వేడినీళ్ల రేడియేటర్లతో వెచ్చబడే ఇళ్లలో సొంతంగా చెయ్యి పెట్టకుండా అక్కడి ప్లంబర్‌ని అడగండి. తోటకి నీళ్లు పట్టే గొట్టం బయటి కుళాయికి తగిలించి వదిలేయడం నేను వీడియోల్లో ఎన్నో ఇళ్లలో చూశాను. చలికి తట్టుకునే కుళాయిలో వాల్వ్ గోడ లోపల ఉంటుంది, కట్టేయగానే ముందరి నీళ్లు జారిపోవాలి. గొట్టం ఉంటే జారవు. అంత ఖరీదైన కుళాయీ గోడలోనే పగులుతుంది. కార్తీకం రాకముందే గొట్టం విప్పించండి.

ఇంట్లోనే ఉండేవాళ్లకి ఇంత పని లేదు. బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే సున్నాకి దాదాపు 7 డిగ్రీల కిందికి పోతుందని చెప్తే జాగ్రత్త పడాలి. ఆ రాత్రి సింకు కింది అల్మారా తలుపులు తీసి పెడితే గదిలో వేడి పైపులకి తగులుతుంది. అప్పటికే గడ్డకట్టి ఉంటే కుళాయి విప్పి ఉంచి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. మధ్యలో వేడి పెడితే కరిగిన నీళ్లకి దారి ఉండదు. మంట మాత్రం ఎవరూ పెట్టవద్దు. బ్యారక్‌లో మంట చిమ్మే బ్లో ల్యాంప్ పట్టుకున్న కుర్రాళ్ల చేతుల్లోంచి నేను లాక్కున్నాను. చెక్క గోడల ఇంట్లో దానివల్ల పైపు కాదు, ఇల్లే పోతుంది.

నా మనవి ఒకటే. ఈ జాగ్రత్తలు జనవరిలో వేస్తే ఉపయోగం లేదు. దీపావళి లోపల, పిల్లలు టికెట్లు బుక్ చేసుకునే రోజుల్లో, ఏటా ఒకసారి జిల్లా పేజీలో వేయండి. మీటర్ పెట్టె, మెయిన్ వాల్వ్, పై కుళాయి, కింది కుళాయి బాణం గుర్తులతో నేనే గీసిన బొమ్మ ఒకటి జతచేస్తున్నాను. స్థలం చాలకపోతే నా ఉత్తరం తీసేసి ఆ బొమ్మ ఒక్కటే అచ్చు వేసినా నాకు సంతోషమే.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ పైపు ఫిట్టర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.