కట్టెల పొయ్యికి శనివారం దాకా సెలవు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని మన మెస్సుకు వచ్చేవారికి, ముఖ్యంగా ఆదివారానికి చేపల పులుసు చెప్పి ఉంచినవారికి ఒక మాట. కట్టెల పొయ్యిని ఈ వారం ఆపేశాం. పొయ్యి మూతికి పొగగొట్టాన్ని బిగించిన చోట ఫైర్ సిమెంటు (మంట వేడిని తట్టుకునే సిమెంటు) పగిలి, గోడ మీద నల్లటి చార దిగింది. పొగ వచ్చే సందులోంచే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువూ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. పొద్దస్తమానం ఆ పొయ్యి ముందు నిలబడేది మా వంటవాళ్లు.

పైన ఇంకో పూత పూస్తే గంటలో అయిపోతుందని మేస్త్రీ అన్నారు. నేను వద్దన్నాను. మసి, తారు పట్టిన పాత సిమెంటును కొత్తది పట్టుకోదు. ఇళ్లు కట్టే సిమెంటు పూస్తే ఆ వేడికి పొడిపొడిగా రాలిపోతుంది.

పాతది తీయడమే అసలు పని. ఏళ్ల తరబడి కాలిన ఫైర్ సిమెంటు కుండపెంకులా గట్టిపడి ఉంటుంది, నీళ్లు పోసినా నానదు. గట్టిగా కొడదామంటే పొయ్యి మూతి పోత ఇనుము, చిట్లిపోతుంది. అందుకే పొయ్యి పూర్తిగా చల్లారాక, సన్న ఉలిని పగులులో ఏటవాలుగా ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. ఒక పెచ్చు లేచిందంటే దాని పక్కది సులువుగా వస్తుంది. లోపల కుక్కిన పాత తాడు బయటపడింది. పాతకాలపు తాళ్లలో ఆస్‌బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే రాతినార, ఉండవచ్చు కాబట్టి ముందు దాన్ని తడిపి, మాస్కులు కట్టుకుని తీసి, సంచిలో వేసి మూతి కట్టాం. ఆ దుమ్మును చీపురుతో ఊడ్వనివ్వలేదు, తడిగుడ్డతోనే తుడిపించాను. ఇప్పుడు ఇనుము మెరిసేదాకా వైరు బ్రష్షుతో రుద్దుతున్నారు.

ఆ సందులో వేడిని తట్టుకునే గాజునార తాడు కుక్కి, పైన కొత్త ఫైర్ సిమెంటు పూస్తాం. ఇనుము వేడికి సాగుతుంది, సిమెంటు అంతగా సాగదు. ఆ తేడాను తాడు సర్దుకుంటుంది. పూత ఆరాక మొదట పుల్లలతో చిన్న మంట, తర్వాత కాస్త పెద్దది. ఒకేసారి సరుగుడు దుంగలు పెడితే లోపలి తడి ఆవిరై పూత ఉబ్బి పగులుతుంది. ఆలస్యమంతా దీనికే.

అందాకా వంట గ్యాస్ మీద. గ్యాస్ మీద కాచిన పులుసును కట్టెల పొయ్యి పులుసని అమ్మను, బోర్డు తీయించేశాను. శనివారం మధ్యాహ్నం మంట పెట్టి చూస్తాం. ఎక్కడా పొగ రాకపోతే ఆ రాత్రే మీ పులుసు కాస్తాం. వస్తే సాయంత్రంలోగా అందరికీ ఫోను చేస్తాం. గ్యాస్ మీద చేసింది వద్దనుకున్నవారికి బయానా మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.