అద్దె ఇంటికి టోకెన్ ఇచ్చే ముందే అడగాల్సినవి

సంపాదకులకు,

మీ పత్రికలో వచ్చే బెంగళూరు అద్దెల పట్టికలు చూసుకుని అనంతపురం నుంచో, వరంగల్ నుంచో సామాను సర్దుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లిలో డబుల్ బెడ్‌రూం ఇంత, బీటీఎంలో ఇంత, ఎలక్ట్రానిక్ సిటీలో ఇంత అని ఒక్కో అంకె ఇస్తున్నారు. ఇంటి ఖర్చు ఆ అంకెతో తేలదు.

నెలకు 30 వేల అద్దె, ఆరు నెలల అడ్వాన్స్ అనుకోండి. ఓనరు దగ్గర లక్షా 80 వేలు వడ్డీ లేకుండా పడి ఉంటాయి. ఫిక్సెడ్ డిపాజిట్లో 7 శాతం వచ్చినా ఏడాదికి 12,600, అంటే నెలకు 1,050. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలే. పదకొండు నెలలకే కదిలితే ఆ కోత నెలకు 2,727 పడుతుంది. మెయింటెనెన్స్ కలపకముందే 30 వేల ఇల్లు 33,777 అయింది. రెండు నెలలకు మించి అడ్వాన్స్ వద్దని 2021 నాటి మోడల్ టెనెన్సీ చట్టం అంటుంది గానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలు. దాన్ని చూపించి ఇక్కడి ఓనరుతో వాదించి లాభం లేదు. పెయింటింగ్‌కు ఎంత, ఎన్నాళ్లు ఉంటే కోత ఉండదు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి అగ్రిమెంటులో రాయించుకోవడమే దారి.

వీటన్నిటికంటే ఎక్కువగా ముంచేది నీళ్లు. ఇళ్ల వేట జూన్‌లో, స్కూళ్లు తెరిచే వేళ సాగుతుంది. అప్పటికి వానలు పడి బోర్లు కాస్త తేరుకుంటాయి, బిల్లు తక్కువగా కనబడుతుంది. కాబట్టి అడగాల్సింది మార్చి, ఏప్రిల్ నెలల మెయింటెనెన్స్ బిల్లులు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి నెలకు 16 వేల లీటర్లు దాటుతాయి, అంటే 12 వేల లీటర్ల ట్యాంకరు ఒకటికి పైనే. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు అలాంటి ట్యాంకరుకు ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలని, పది లోపు 1,200 అని జిల్లా యంత్రాంగం ధర కట్టాల్సి వచ్చింది. కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసమే అది. అయితే వీధిలో పైపు పడినంత మాత్రాన ఇంటికి కనెక్షన్ ఉన్నట్టు కాదు. "కావేరి వాటర్ ఉంది సార్" అని బ్రోకరు అంటే నగర నీటి సరఫరా సంస్థ జలమండలి మీటరు చూపించమనండి, బిల్లు చూడండి. గేటు పక్క గోడలోంచి లావుపాటి పైపు మూతి బయటికి వచ్చి, దాని కింద నేల ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడికి ట్యాంకరు తరచూ వస్తున్నట్టే. బాత్రూంలో షవరు చిల్లులు తెల్లగా గడ్డకట్టి ఉంటే బోరు నీళ్లు. గీజరు కాయిల్, వాషింగ్ మెషీన్ తొందరగా పాడవుతాయి.

కరెంటుకు వస్తే, కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెదారులకూ వర్తిస్తుంది. నెలకు 200 యూనిట్లు దాటకూడదు, దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఆ లోపలైనా 2022-23 సగటు వాడకానికి 10 శాతం కలిపినంతే ఉచితం. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల ఆధార్ ఇంకా ఆ ఆర్‌ఆర్ నంబరుకే (కరెంటు కనెక్షన్ నంబరు) అంటుకుని ఉంటే మీ పేరు ఎక్కదు. తాళం చెవులు తీసుకునే రోజే డీలింక్ చేయించండి.

పన్నుల దగ్గర గాభరా పడాల్సింది తక్కువే. ఆదాయ పన్ను దేశమంతా ఒకటే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఇంటద్దె అలవెన్సు మినహాయింపు ఉండదు కాబట్టి అద్దె పెరిగితే పన్ను తగ్గుతుందన్న ఆశ వదులుకోవాలి. వృత్తి పన్ను అక్కడా ఇక్కడా నెలకు 200 చుట్టూనే.

అసలు దెబ్బ బండి మీద. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. నంబరుతోపాటు కర్ణాటక లైఫ్ ట్యాక్స్ పడుతుంది. 5 నుంచి 10 లక్షల కొత్త పెట్రోలు కారుకు అది 14 శాతం, దానిమీద సెస్సు అదనం; పాత బండికి వయసును బట్టి తగ్గుతుంది. ముందు సొంత ఊరి ఆర్టీవోలో చలాన్లన్నీ కట్టేసి ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కావాలి, లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల సంతకం కూడా. ఇక్కడ ఫారం 27 పెట్టి పన్ను కట్టాక, ఆ రసీదుతో పాత రాష్ట్రంలో మిగిలిన లైఫ్ ట్యాక్స్ వాపసు అడగాలి. చాలామంది ఈ ఆఖరి మెట్టు దగ్గరే విసుగొచ్చి వదిలేస్తారు, డబ్బు అక్కడే ఉండిపోతుంది. బండి ఎప్పుడొచ్చిందో రోడ్డు మీద ఆపి అడిగితే సరిహద్దు టోల్ దాటిన తేదీ ఉన్న ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ పనికొస్తుంది.

ఇక భోగ్యం. అద్దె లేదు, ఏకమొత్తం ఇస్తే చాలు, ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తాం అంటే నోరూరుతుంది. ఆ ఇంటి మీద బ్యాంకు లోను ఉండి ఓనరు కట్టకపోతే బ్యాంకు ఇంటిని వేలం వేస్తుంది, లోపలున్నవాళ్లు లక్షలు పట్టుకుని కోర్టుకు తిరగాలి. రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద లావాదేవీల పత్రం) తీయండి, అది చాలదు: పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న లోన్లు అందులో అన్నిసార్లూ కనబడవు. అలాంటి తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైట్లో కొద్దిపాటి ఫీజుతో ఎవరైనా వెతకవచ్చు. ఓనరు కాకుండా మధ్యలో కంపెనీ సంతకం పెడతానంటే వెనక్కి తిరగడమే మంచిది.

భద్రత అంటే దొంగతనాలే గుర్తొస్తాయి. దానికి రాత్రి పదిన్నరకు బస్టాపు నుంచి ఇంటిదాకా ఒకసారి నడిచి చూస్తే చాలావరకు తెలుస్తుంది. అంతకంటే తక్కువమంది చూసేవి రెండు. ఒకటి రాజకాలువ, అంటే వాననీటి పెద్ద కాలువ. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు రెయిన్‌బో డ్రైవ్, 2025 మేలో హొరమావు సాయి లేఅవుట్ మునిగాయి. కాంపౌండు గోడ మీద బురద గీత ఏ ఎత్తులో ఉందో, సెల్లార్‌లో మోటారు ఎందుకు పెట్టారో చూడండి. ఇస్త్రీ బండి అతను బ్రోకరుకంటే నిజం చెబుతాడు. రెండోది గ్యాస్ గీజరు. కిటికీ లేని బాత్రూం లోపలే బిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని స్నానానికి వెళ్లినవాళ్లు లోపలే పడిపోతారు. గీజరు, సిలిండరు రెండూ బయట పెట్టించాకే ఇంట్లో దిగాలి.

ఇవన్నీ టోకెన్, అంటే ఇల్లు ఖాయం చేసుకునే బయానా, ఇవ్వకముందు చేయాల్సిన పనులు. పదివేలే కదా అని ఇస్తాం, తర్వాత ఆ పదివేలు పోతాయన్న భయంతోనే లక్షా 80 వేలు కట్టేస్తాం. మీ పట్టికలో అద్దె పక్కనే ఇంకో మూడు గడులు గీయండి: అడ్వాన్స్ ఎన్ని నెలలు, ఏప్రిల్‌లో నీళ్ల బిల్లు ఎంత, వానాకాలంలో ఆ వీధిలో నీరు నిలుస్తుందా.

— కొందరు తెలుగు అద్దెదారులు, మారతహళ్లి, బెంగళూరు