మందు కొనడానికి చందాలిస్తున్నాం, మందు కనిపెట్టడానికి ఎవరిస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

వాట్సాప్‌లో అప్పుడప్పుడూ ఒక పసిబిడ్డ ఫొటో తిరుగుతుంటుంది, కింద పదహారు కోట్ల ఇంజెక్షన్ అని రాసి స్కాన్ చేసే కోడ్ పెడతారు. మన చిత్తూరు, తిరుపతి వాళ్లు చేతనైనంత వేస్తారు, వేయాలి కూడా. అయితే మందు కొనడానికి చందా అడిగేవాళ్లే గానీ, మందు కనిపెట్టడానికి అడిగినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఆ బిడ్డలకి ఉండేది ఎస్‌ఎంఏ అనే జబ్బు, కండరాలని ఆడించే నరాల కణాలు వెన్నుపాములోనే చచ్చిపోతాయి. కారణమైన జన్యువు ఏదో 1995లో తెలిసింది, మొదటి మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2016 డిసెంబర్‌లో. మధ్యలో అన్నేళ్లు ల్యాబుల్లో పని చేసినవాళ్లకి ఎవరో డబ్బు పెట్టారు కాబట్టే అది వచ్చింది. ఇదే జబ్బుకి నోటితో తాగించే రిస్డిప్లామ్ అనే మందు వెనుక కూడా అదే కథ. అమెరికాలో తమ పాపకి ఎస్‌ఎంఏ ఉందని తెలిసిన ఒక జంట 2003లో ఒక ఫౌండేషన్ పెట్టి, ఒక చిన్న కంపెనీకి డబ్బిచ్చి మొదలుపెట్టించిన పని, పెద్ద కంపెనీ చేతికి వెళ్లి 2020లో మందుగా బయటికొచ్చింది. మన దేశంలో ఆ సీసా ఆరు లక్షల దాకా ఉండేది. పేటెంటు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లొచ్చాక, 2025 అక్టోబర్‌లో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ అదే మందుని 15,900 రూపాయలకి తెచ్చింది. అంటే ధర తగ్గించే సత్తా మనవాళ్లకి ఉంది. కానీ తగ్గించడానికి ముందు మందంటూ ఒకటి ఉండాలి కదా!

మా అక్క కొడుక్కి ఉన్నది ఇంకో జబ్బు, కండరాలు మెల్లగా క్షీణించిపోయే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అందరూ డీఎండీ అంటారు. మగపిల్లలకే ఎక్కువగా వస్తుంది. మూడు నాలుగేళ్లప్పుడు పిక్కలు లావుగా కనిపిస్తాయి, బిడ్డ గట్టిగా ఉన్నాడని ఇంట్లో మురిసిపోతారు, తర్వాత మెట్లెక్కలేడు, కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తాడు, పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది వీల్‌చైర్‌కి వస్తారు, ఆ తర్వాత గుండె, ఊపిరి. రక్తంలో సీపీకే అనే మామూలు పరీక్ష చేస్తే అనుమానం బయటపడుతుంది, అయినా కాల్షియం సిరప్‌లు రాసిచ్చి పంపేస్తుంటారు. స్టెరాయిడ్లు నడకని కొన్నేళ్లు నిలబెడతాయి, నయం చేయవు.

దీనికి కారణమైన డిస్ట్రోఫిన్ జన్యువు 1980లలోనే దొరికింది. మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో అదొకటి, అందులో ఎక్సాన్లనే 79 ముక్కలుంటాయి, ఒక్కో పిల్లాడికి ఒక్కో చోట లోపం. వాటిలో ఎక్సాన్ 51 అనే ముక్క కోసం చేసిన మందు వందలో పదమూడు మందికే పనికొస్తుంది. కాబట్టి మన పిల్లల్లో ఎవరికి ఎక్కడ లోపం ఉందో ముందు లెక్క తీయాలి, అది లేకుండా ఏ సైంటిస్టయినా దేనికని మందు చేస్తాడు? ఈ లెక్కకి కోట్లు అక్కర్లేదు.

మేనరికం వల్లే వచ్చిందని కోడలిని తిట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇదీ చెప్పాలి. డీఎండీకి మేనరికంతో సంబంధం లేదు, దాదాపు మూడో వంతు పిల్లల్లో లోపం తల్లి నుంచి కాకుండా కొత్తగా పుడుతుంది. ఎస్‌ఎంఏ అలా కాదు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం రావాలి, మేనరికాలు ఎక్కువున్న మన సీమలో ఇలాంటి జబ్బుల మీద ఇక్కడే పరిశోధన జరగాలి, ఢిల్లీలో కూర్చుని చేస్తే సరిపోదు.

ప్రభుత్వం ఏమీ చేయట్లేదని నేను అనను. వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైన మస్క్యులర్ డిస్ట్రఫీ వాళ్లకి రాష్ట్రం 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తోంది, మా ఇంటికి అది పెద్ద ఆసరా. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద కేంద్రం చికిత్సకి 50 లక్షల దాకా ఇస్తానంది. రెండూ జబ్బు వచ్చాక చేసే ఖర్చులే. మొత్తం దేశం పరిశోధన మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం, అందులో ఈ పిల్లల వాటా ఎంత ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. బెంగళూరులో డీఎండీ పిల్లల తల్లిదండ్రులే డార్ట్ అనే సంస్థ పెట్టి ఐఐటీ జోధ్‌పూర్‌తో కలిసి మందు కోసం తంటాలు పడుతున్నారు. ఇది తల్లిదండ్రుల మీద వదిలేయాల్సిన పనా?

మన దగ్గర చేతకాదని మాత్రం అనొద్దు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో, రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బున్న ఐదుగురికి జన్యుచికిత్స చేసి ఫలితం చూపించారు. తిరుపతిలో స్విమ్స్, బర్డ్, రుయా ఆసుపత్రులున్నాయి, ఏర్పేడు దగ్గర సైన్సు పరిశోధన సంస్థ ఐసర్, ఐఐటీ రెండూ ఉన్నాయి, ఇన్ని ఒకేచోట ఉన్న ఊళ్లు రాష్ట్రంలో ఎన్ని? స్విమ్స్‌లోనో బర్డ్‌లోనో వారానికి ఒక రోజు కండరాల జబ్బులకి ప్రత్యేకంగా ఓపీ పెట్టి, వచ్చిన ప్రతి బిడ్డకీ జన్యు పరీక్ష ఉచితంగా చేయించి, ఆ వివరాలు పేర్లు లేకుండా ఐసర్ వాళ్లకిస్తే పరిశోధనకి పునాది పడుతుంది. చిన్నపిల్లల హృదయాలయం పెట్టి గుండె ఆపరేషన్లు చేయిస్తున్న టీటీడీ, ఈ పరిశోధన కోసం విడిగా ఒక ఖాతా తెరిస్తే ఇచ్చే భక్తులు లేకపోరు. ఆ డబ్బు ఎటు పోయిందో ఏటా లెక్క చెప్పాలి, అది కూడా ముఖ్యమే.

మీ పత్రికకి నా విన్నపం ఒక్కటే. టీటీడీ బోర్డునీ, స్విమ్స్, ఐసర్ డైరెక్టర్లనీ, చిత్తూరు, తిరుపతి ఎంపీలిద్దరినీ ఈ విషయం అడగండి, వాళ్లు ఏం చెప్పారో పేర్లతో సహా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు