చింతగింజల వరుస

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మా నర్సరీలో ఒక బాబు రోజూ గోడ పొడుగునా చింతగింజలు పేర్చుకుంటూ కూర్చునేవాడు. ఒక్క గింజ జరిగినా ఏడుపే. మొదట్లో మేమూ పొరపాటు చేశాం. "అట్ల కాదు బిడ్డా, ఒకటి, రెండు, మూడు అను" అంటూ లెక్కలు నేర్పబోయాం. లేచి మూలకు పోయాడు. తర్వాత టీచర్ పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా తనూ ఒక వరుస పేర్చింది. నాలుగో రోజు వాడు ఆమె వరుస చివర ఒక గింజ పెట్టి, ఆమె మొహంలోకి చూశాడు. (గింజలు నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం ఈ ఆట వద్దు. పెద్ద సీసా మూతలు ఇవ్వండి.)

పసిపిల్లలు ముందు ఒంటరిగా, తర్వాత పక్కపక్కన, ఆ తర్వాతే కలిసి ఆడటం ఎక్కువని 1932లోనే అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ రాశారు. ఆటిజం ఉన్నవాళ్లు, మాటలు ఆలస్యమైనవాళ్లు పక్కపక్కన ఆడే దశలో ఎక్కువ కాలం ఉండవచ్చు. అప్పుడు "పోయి వాళ్లతో ఆడుకో" అని తోస్తే లాభం లేదు.

ఇంట్లో రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కింద కూర్చోండి. బిడ్డ బండి చక్రం తిప్పుతుంటే మీరూ ఇంకోటి తిప్పండి. "తిరిగింది", "ఆగింది" అనండి చాలు. తర్వాత మనసులో పది అంకెలు లెక్కపెడుతూ ఆగండి. కష్టమంతా ఇక్కడే. నాకైతే ఆరు దాటకముందే నోరు ఊరుకోదు. బువ్వాటకు కొత్త బొమ్మలు కొనక్కర్లేదు. ఖాళీ గ్లాసుతో నానమ్మకు ఉత్తుత్తి చాయ్ పోయించండి. చేతిపట్టు తక్కువైతే గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి.

బతుకమ్మ వస్తోంది. తంగేడు ఒక పళ్లెంలో, గునుగు ఇంకో పళ్లెంలో వేయించండి. నీదొక పువ్వు, నాదొక పువ్వు అంటే వంతులాటే. డీజే మోతకు చెవులు మూసుకుంటే అది మొండితనం కాదు. పెందలాడే తీసుకెళ్లి ఓ పక్కన నిలబడండి.

ఎదుగుదలపై అనుమానముంటే, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందం ఉచితంగా చూస్తుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలోనూ అడగండి.

వచ్చే శనివారం మూడింటికి బడికి రండి, తాతలను, నానమ్మలను కూడా తీసుకుని. కుర్చీలు వేయం, చాపలే.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ