వార్షిక నివేదిక: మన ఎస్టీపీ నీటిలో హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయమూ సంఘం నిధులూ ఎక్కువగా మురుగునీటి శుద్ధి కేంద్రానికే (ఎస్టీపీ) వెచ్చించాం కనుక ఈ నివేదిక దానికే పరిమితం. లిఫ్టులు, భద్రత, పార్కింగ్ వివరాలు ఖాతాల ప్రతితో విడిగా అందుతాయి.

మన ఎస్టీపీ నీటిపై ప్రయోగశాల ఇచ్చే నివేదికలో బీఓడీ, సీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్‌ను వాడుకుంటాయో చెప్పే కొలతలు), కోలిఫామ్ (మలంతో కలుషితమైందని సూచించే బ్యాక్టీరియా) వంటి లెక్కలే ఉంటాయి. హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలు, అంటే గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ (కృత్రిమ ఈస్ట్రోజెన్, అంటే స్త్రీ హార్మోన్), కొన్ని ప్లాస్టిక్‌ల నుంచి ఊరే బిస్ఫినాల్-ఎ, కొన్ని క్లీనింగ్ ద్రావణాలు విరిగిపోగా మిగిలే నోనైల్‌ఫినాల్ అందులో కనబడవు. అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి కదా, ఇంకెందుకీ హడావుడి అని కొందరు సభ్యులు సర్వసభ్య సమావేశంలో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కెనడాలోని ఒంటారియోలో 260వ నంబరు ప్రయోగ సరస్సులో 2001 నుంచి మూడు వేసవుల పాటు ఇథినైల్ ఈస్ట్రడయోల్ కలిపి, లీటరుకు కేవలం 5–6 నానోగ్రాములు ఉండేలా చూస్తే, మగ చేపల్లో ఆడచేపల గుడ్డుసొన ప్రోటీన్ తయారైంది. ఫ్యాట్‌హెడ్ మినో అనే చిన్న చేప అక్కడ దాదాపు కనుమరుగైంది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. మన తోటకూ ఫ్లష్‌కూ పోగా మిగిలిన నీరు వానకాలువ గుండా చెరువుకు, అక్కడి నుంచి మూసీకి చేరుతోంది.

స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం ఎంపిక చేసిన కేంద్రాలు ఓజోన్ వాయువుతోనో యాక్టివేటెడ్ కార్బన్‌తోనో (రసాయనాలను పట్టుకునే సన్నని రంధ్రాల బొగ్గు) ఇలాంటి సూక్ష్మ కాలుష్యాలను 80 శాతం మేర తొలగించాలి. ఓజోన్ యంత్రానికి మనమూ కొటేషన్ తీసుకున్నాం గాని, కొనుగోలును వాయిదా వేశాం. కరెంటు ఖర్చు ఒక కారణం కాగా, ఓజోన్ వల్ల పుట్టే ఉపఉత్పత్తులను మళ్లీ ఇసుక ఫిల్టరులో వడకట్టాల్సి రావడం, నీటిలో బ్రోమైడ్ ఉంటే హానికరమైన బ్రోమేట్ తయారయ్యే ప్రమాదం ఉండడం మరో కారణం.

అసలు మన దగ్గర ఉన్న కార్బన్ ఫిల్టరే పనిచేయడం లేదని దాని మూత తెరిచాకే తెలిసింది. గింజలన్నీ జిగురుపట్టి ఉండలు కట్టాయి. వేలితో నొక్కితే నల్లని పేస్టులా అంటుకున్నాయి. ఈస్ట్రోజెన్లు కార్బన్‌కు బాగానే అతుక్కుంటాయి, కానీ దాని రంధ్రాలు నిండాక ఇక పట్టుకోలేవు. పాత కార్బన్ తీసేయించి కొత్తది వేయించాం. ముందున్న ఇసుక ఫిల్టరును క్రమం తప్పకుండా బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి కడగడం) చేయిస్తున్నాం.

అంతకన్నా ముఖ్యమైన మార్పుకు కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. కరెంటు ఆదా కోసం రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు ఆపే అలవాటును మాన్పించి, బురదను తరచుగా తోడెయ్యకుండా ఎయిరేషన్ ట్యాంకులో పది రోజులకు పైగా నిలిచేలా ఆపరేటరుకు సూచించాం. మన శరీరం నుంచి వచ్చే సహజ ఈస్ట్రోజెన్లను తినే బ్యాక్టీరియా ఆ బురదలోనే ఉండి నిదానంగా పెరుగుతుంది. ట్యాంకులో దానికి గాలీ వ్యవధీ రెండూ కావాలి. ఇథినైల్ ఈస్ట్రడయోల్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు, దానికి కార్బనే దిక్కు.

మిగిలిపోయిన మందులను సింకులో, కమోడ్‌లో పారబోయవద్దని, క్లబ్‌హౌస్ వద్ద పెట్టిన డబ్బాలో వేయాలని మనవి. ఉమ్మడి ప్రదేశాలకు విరిగి నోనైల్‌ఫినాల్‌గా మారే నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్ లేని క్లీనింగ్ ద్రావణాలే కొంటున్నాం.

కార్బన్‌ను ఏటా మార్చేందుకు నిర్వహణ రుసుములో ప్రత్యేక పద్దు ఏర్పాటు చేయాలని, ఏడాదికోసారైనా మాస్ స్పెక్ట్రోమీటర్ (అతి తక్కువ మోతాదులోని రసాయనాలనూ గుర్తించే యంత్రం) ఉన్న ప్రయోగశాలలో నీటిని పరీక్షించాలని ప్రతిపాదిస్తూ, ఆ రెండు తీర్మానాలకు సభ్యుల ఆమోదం కోరుతున్నాం.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున